గోరువెచ్చని నీళ్ళ చరిత్ర

చలికాలపు ఉదయమున వేడినీళ్ళ కుళాయి త్రిప్పుతాము. పొగలు రావలసిన నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి. వెంటనే మనము యంత్రాన్ని నిందిస్తాము. కాని వేడిచేసే భాగము చక్కగా పనిచేస్తున్నప్పటికీ నీళ్ళు గోరువెచ్చగా రావచ్చును. ఉష్ణము శక్తికి ఒక రూపము. అది ఊరకనే మాయమైపోదు. కనుక నీళ్ళు చాలినంత వేడిగా లేవంటే మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉండవలెను. నీటిలోనికి చాలినంత ఉష్ణము వచ్చి ఉండదు. లేదా వచ్చినది బయటికి పోయి ఉంటుంది. లేదా వేడినీళ్ళలో చన్నీళ్ళు కలసి ఉంటాయి.

పూర్వము మన ఇళ్ళలో పొయ్యిమీది కాగులోను, నడుమ నిప్పులు వేసే రాగి బాయిలరులోను నీళ్ళు కాచుకొనేవారు. కాగిన నీళ్ళు అప్పటికప్పుడు తోడుకొని స్నానము చేసేవారు కనుక నిలవచేయవలసిన అవసరము అంతగా లేకపోయినది. వేడినీళ్ళను నిలవచేసి, కావలసినప్పుడు కుళాయిలో రప్పించుకోవలెనన్న కోరికతోనే అసలు చిక్కు ప్రారంభమైనది. ఆ చిక్కును విప్పిన చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టము నూరేళ్ళకు పూర్వము అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఇళ్ళ పైకప్పులమీద జరిగినది.

నల్లని తొట్లు

పందొమ్మిదవ శతాబ్దము చివర కాలిఫోర్నియాలో బొగ్గు చాల ప్రియము; దూరప్రాంతాలనుండి రావలసి ఉండేది. ఎండకు మాత్రము కొదువ లేదు. అందుచేత కొందరు లోహపు తొట్లకు నల్లరంగు పూసి, నీళ్ళు నింపి, ఎండలో ఉంచేవారు. నలుపు ఎండను బాగా గ్రహిస్తుంది. మధ్యాహ్నము దాటేసరికి నీళ్ళు వేడెక్కేవి. ప్రొద్దు క్రుంకగానే ఆ వేడి గాలిపాలయ్యేది.

ఈ నష్టాన్ని తగ్గించే మార్గము అప్పటికే ఒకటి తెలిసి ఉన్నది. 1767లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు హొరేస్ ద సోస్యూర్ అద్దపు మూత గల పెట్టెలను ఎండలో ఉంచి పరీక్షలు చేసినాడు. అద్దము ఎండను లోపలికి రానిస్తుంది. లోపల వేడెక్కిన గాలిని బయటికి పోనీయదు. తరువాత ఆయన చేసిన మేలైన పెట్టెలో ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెంటిగ్రేడును కూడ మించినది.

బాల్టిమోరు నగరములో ఇళ్ళను వెచ్చచేసే పరికరాలు అమ్మే క్లారెన్స్ కెంప్ ఈ రెంటినీ కలిపినాడు. నల్లని తొట్లను అద్దపు మూత గల కొయ్యపెట్టెలో అమర్చి, ‘క్లైమాక్స్’ అను పేరుతో 1891లో పేటెంటు పొందినాడు. 1900 నాటికి దక్షిణ కాలిఫోర్నియాలో సుమారు 1,600 ఇళ్ళమీద ఇవి వెలసినవి.

సాయంత్రము స్నానము చేసేవారికి ఈ యంత్రము మహోపకారము చేసినది. కాని తెల్లవారి లేచి కుళాయి త్రిప్పినవారికి గోరువెచ్చని నీళ్ళే దొరికేవి. ఎండను పట్టే పాత్ర, నీటిని దాచే పాత్ర ఒకటే కావడము దీనికి కారణము. ఎండ పడవలెనంటే తొట్టిపై అద్దము తప్ప మరేదీ కప్పరాదు. వేడి నిలవవలెనంటే తొట్టిని మందముగా కప్పవలెను. ఒకే పాత్ర ఈ రెండు పనులూ చేయలేదు. అంటే, కెంప్ యంత్రములో ఉష్ణము లోపలికి బాగానే వచ్చేది. రాత్రంతా బయటికి పోయేది.

పగలూ రాత్రీ

విలియం బెయిలీ అను ఇంజనీరు ఉక్కు కర్మాగారములో పనిచేసి, ఆరోగ్యము చెడి, కాలిఫోర్నియాకు వచ్చినాడు. ఆయన 1909లో ఈ రెండు పనులనూ విడదీసినాడు. అద్దము క్రింద లోతు తక్కువ పెట్టెలో నల్లని రాగిరేకు, దానికి అంటించిన సన్నని రాగిగొట్టాలు ఉంచినాడు. గొట్టాలలో నీరు కొద్దిగా ఉంటుంది కనుక త్వరగా వేడెక్కుతుంది. నీళ్ళ తొట్టిని వేరుగా, పెట్టెకంటె ఎత్తున ఉంచి, వేడిని పోనీయని పదార్థముతో చుట్టూ కప్పివేసినాడు.

మరి క్రింది నీరు పైతొట్టిలోకి ఎట్లా పోతుంది? పంపు ఏదీ లేదు. వేడెక్కిన నీరు వ్యాకోచించి తేలిక అవుతుంది. 20 డిగ్రీల వద్ద ఒక లీటరు నీరు 998 గ్రాములు తూగితే, 60 డిగ్రీల వద్ద 983 గ్రాములే తూగుతుంది. లీటరుకు 15 గ్రాముల ఈ తేడాయే పంపు చేయవలసిన పని చేస్తుంది. తేలికైన వేడినీరు పైకి పోయి తొట్టి పైభాగములో చేరుతుంది. తొట్టి అడుగునున్న చన్నీరు క్రిందికి దిగి గొట్టాలలో ప్రవేశిస్తుంది. ఎండ ఉన్నంతసేపు ఈ సంవహన ప్రవాహము సాగుతుంది.

రాత్రి ఇది తలక్రిందులై వేడినీరు గొట్టాలలోకి వచ్చి చల్లారిపోదా అని విద్యార్థులు అడగవచ్చును. అడగవలసిన ప్రశ్నయే. రాత్రి గొట్టాలలోని నీరు చల్లబడి బరువెక్కుతుంది. తొట్టి ఎత్తున ఉంటే ఆ బరువైన నీరు అడుగునే నిలిచిపోతుంది. పైనున్న వేడినీరు కదలదు. తొట్టిని తగినంత ఎత్తున పెట్టకపోతే మాత్రము ప్రవాహము వెనుకకు తిరిగి తొట్టిని చల్లార్చవచ్చును. బెయిలీ తన యంత్రానికి ‘డే అండ్ నైట్’, అనగా ‘పగలూ రాత్రీ’, అని పేరు పెట్టినాడు.

1913లో కాలిఫోర్నియాలో ఎన్నడూ లేనంత చలి వచ్చి గొట్టాలలో నీరు గడ్డకట్టినది. గడ్డకట్టిన నీరు వ్యాకోచిస్తుంది కనుక గొట్టాలు పగిలినవి. బెయిలీ అప్పుడు గొట్టాలలో నీటికి బదులు ఆల్కహాలు కలిపిన నీటిని నింపి, ఆ గొట్టాన్ని తొట్టిలో చుట్టగా త్రిప్పి, స్నానపు నీటిని దూరమునుండే వేడిచేయించినాడు. 1918 నాటికి నాలుగువేలకు పైగా యంత్రాలు అమ్ముడైనవి. తరువాతి కాలములో అక్కడ సహజవాయువు విస్తారముగా, చౌకగా దొరకడముతో సూర్యతాప యంత్రాలు వెనుకబడినవి. కాని కప్పిన తొట్టి పోలేదు. బెయిలీ కంపెనీయే అటువంటి తొట్టితో గ్యాసు యంత్రాలు తయారుచేసినది. నేడు మన పట్టణాలలో మేడలమీద కనిపించే సూర్యతాప యంత్రాలలో చాలవాటికి ఆధారము బెయిలీ పాటించిన సూత్రమే.

మన ఇంటికి మూడు ప్రశ్నలు

ఈ చరిత్ర తెలిసినవారు గోరువెచ్చని నీళ్ళను చూచి కంగారుపడరు. మూడు ప్రశ్నలు వేసుకొంటారు.

మొదటిది: చాలినంత ఉష్ణము వస్తున్నదా? 3 కిలోవాట్ల విద్యుత్ గీజరు నిమిషానికి సుమారు 43 కిలోకెలరీల ఉష్ణము ఇస్తుంది. నీళ్ళను నిలవచేయక పారుతుండగా వేడిచేసే గీజరులో నిమిషానికి 3 లీటర్లు వదలితే, నీటి వేడి 14 డిగ్రీలే పెరుగుతుంది. 18 డిగ్రీల చన్నీళ్ళు 32 డిగ్రీలకు చేరి గోరువెచ్చగా వస్తాయి. కుళాయి సగము కట్టి 1.5 లీటర్లే వదలితే 46 డిగ్రీలు దాటుతాయి. యంత్రానికి ఏ జబ్బూ లేదు! బోరునీటిలోని సున్నపు లవణాలు కాయిలుపై పెంకులా పేరుకొంటే కూడ ఉష్ణము నీటికి అందడము మందగిస్తుంది. మేడమీది యంత్రములో అద్దముపై పేరుకొన్న దుమ్ము చేసే చెరుపు ఇటువంటిదే.

రెండవది: వచ్చినది ఎక్కడికి పోతున్నది? తొట్టి కప్పు చెడి ఉండవచ్చును. మేడమీదినుండి వచ్చే పొడుగాటి గొట్టములో రాత్రంతా నిలిచిన నీరు మొదట చల్లగానే వస్తుంది. అది యంత్రపు దోషము కాదు.

మూడవది: చన్నీళ్ళు ఎక్కడ కలుస్తున్నవి? 60 డిగ్రీల నీళ్ళు 100 లీటర్లలో 24 డిగ్రీల నీళ్ళు 50 లీటర్లు కలిస్తే అన్నీ 48 డిగ్రీలవుతాయి. అందుకే చన్నీటిని తొట్టి అడుగున వదలి, వేడినీటిని పైనుండి తీసుకొంటారు. చన్నీటిని అడుగుకు చేర్చే గొట్టము విరిగినా, రెండు నీళ్ళను కలిపే కుళాయిలోని రబ్బరు చెడినా నీళ్ళు గోరువెచ్చన అవుతాయి.

గోరువెచ్చదనములోని అపాయము

ఇది సుఖానికి సంబంధించిన విషయము మాత్రమే కాదు. 1976లో ఫిలడెల్ఫియా నగరములోని ఒక హోటలులో మాజీ సైనికుల సభ జరిగినది. తరువాత కొద్ది దినాలలో రెండువందల మందికి పైగా తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బుతో పడిపోగా 34 మంది మరణించినారు. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1977 జనవరిలో ప్రకటించినారు; దానికి లెజియోనెల్లా అని పేరు పెట్టినారు. ఆనాడు అనుమానము హోటలులో గాలిని చల్లబరచే యంత్రపు నీటిమీద పడినది. ఈ జీవి పెద్ద భవనాల వేడినీళ్ళ తొట్లలో, గొట్టాలలో కూడ పెరుగుతుందని తరువాత తెలిసినది. 20 నుండి 45 డిగ్రీల వరకు దానికి అనుకూలము. 60 డిగ్రీల వద్ద నశిస్తుంది. నీటి తుంపరలతోపాటు ఊపిరిలో ప్రవేశించి జబ్బు చేస్తుంది.

కనుక కరెంటు ఆదా అని తొట్టిలోని నీటిని ఎల్లప్పుడూ 40 డిగ్రీల వద్ద నిలవచేయడము మంచిది కాదు. తొట్టిలో 60 డిగ్రీలు ఉంచి, స్నానము చేసేటప్పుడు చన్నీళ్ళు కలుపుకోవలెను. 60 డిగ్రీల నీళ్ళు కొద్ది క్షణాలలోనే ఒళ్ళు కాలుస్తాయి. పిల్లలను ఆ కుళాయి దగ్గరకు పోనీయరాదు. విద్యుత్ గీజరు మూత విప్పడము పనివానికే వదలవలెను.

ఉపాధ్యాయులు బెయిలీ సూత్రాన్ని తరగతిలోనే చూపవచ్చును. చిన్న సీసాలో రంగు కలిపిన వేడినీళ్ళు పోసి, చన్నీళ్ళున్న పెద్ద గాజుపాత్ర అడుగుకు దారముతో మెల్లగా దింపండి. రంగునీరు పొగవలె పైకి లేచి, పైభాగములో పొరగా నిలుస్తుంది. ఇప్పుడు గరిటెతో కలియబెట్టండి. పొర చెదరి, పాత్రలోని నీరంతా గోరువెచ్చన అవుతుంది. ఇది చూచిన విద్యార్థి ఇంటికి వెళ్ళి, కుళాయి త్రిప్పి, ‘ఉష్ణము ఎక్కడికి పోయినది?’ అని అడిగితే ఈ పాఠము అతనికి వంటబట్టినట్లే.