ఊపిరికి కొలత

ఊపిరి చుట్టూ అల్లుకున్న పలుకుబడులు తెలుగులో తక్కువేమీ కావు. పనుల నడుమ ఊపిరి సలపదు, అవి గట్టెక్కితే ఊపిరి పీల్చుకుంటాము, ఉత్కంఠలో ఊపిరి బిగబట్టుకుంటాము. ఆ అవయవానికి ఊపిరితిత్తి అని పేరు పెట్టిన పూర్వుడెవరో కమ్మరి కొలిమి పక్కన కాసేపు కూర్చున్నవాడై ఉండాలి. తిత్తి నొక్కితే ఎంత గాలి వస్తుందో కమ్మరికి చేతివాటంగా తెలుసు. మరి మనిషి తిత్తిలో నుంచి ఎంత వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన వారి కథ, ఆ జవాబు కొన్ని చట్టాలకు ఆధారమైన వైనం ఈ టపాలో చెప్పదలచుకున్నాను.

అంతకు మునుపు కొందరు ప్రయత్నించకపోలేదు గాని, పద్ధతిగా కొలిచినవాడు జాన్ హచిన్సన్ అనే ఆంగ్లేయ శస్త్రవైద్యుడు. నీటిలో బోర్లించిన గంట వంటి పాత్ర, దానిని తూచి నిలిపే బరువులు, ఒక గొట్టం: ఇదీ ఆయన స్పైరోమీటరు. గొట్టంలోకి ఊదితే పాత్ర పైకి లేస్తుంది. ఎంత లేచిందో అంత గాలి. రెండు వేల మందికి పైగా మనుషుల చేత ఆయన ఊదించాడు. నావికులు, అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, అచ్చుకూర్పరులు, మల్లులు, నిరుపేదలు, దొరలు, చివరకు మహాకాయులూ మరుగుజ్జులూ! 1846లో ప్రకటించిన ఫలితాలలో ముఖ్యమైనది ఇది: మనిషి ఎత్తు ఒక అంగుళం పెరిగితే ఊదగల గాలి 8 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 130 మిల్లీలీటర్లు పెరుగుతుంది. నిండా పీల్చి, మిగలకుండా వదలగలిగిన ఆ గాలికి ఆయన 'వైటల్ కెపాసిటీ' అని పేరు పెట్టాడు. ప్రాణసామర్థ్యం అందామా? ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పగలరు.

ఈ పరికరం క్షయను ముందుగా పసిగడుతుందని, జీవిత బీమా కంపెనీలకు పనికివస్తుందని హచిన్సన్ ఆశించాడు. ఆయన 1852లో ఆస్ట్రేలియా వెళ్ళిపోయి, 1861లో ఫిజీ దీవులలో మరణించాడు. పరికరం మాత్రం అట్లాంటిక్ దాటి చెడుదారి కూడా పట్టింది. లూయిజియానాకు చెందిన శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు నల్లజాతి బానిసల ఊపిరి తెల్లవారి కంటే సుమారు 20 శాతం తక్కువని వాదించి, దానిని బానిసత్వానికి సమర్థనగా వాడుకున్నాడు. ఆ పాపపు లెక్క రూపం మార్చుకుని ఆధునిక యంత్రాలలో 'జాతి సవరణ'గా చాలాకాలం మిగిలింది. మనబోటి ఆసియావాసులకూ కొంత కోత పడేది. కోత పడిన ప్రమాణంతో పోల్చినప్పుడు దెబ్బతిన్న ఊపిరితిత్తి కూడా ఆరోగ్యంగానే కనబడుతుంది. జాతితో నిమిత్తం లేని ప్రమాణాలను వాడమని అమెరికన్ థొరాసిక్ సొసైటీ సిఫారసు చేసినది 2023లో.

మరొక కొలత 1947లో ఫ్రాన్సులో పుట్టింది. ఎంత గాలి వదిలామన్నది ఒక్కటే కాదు, ఎంత వేగంగా వదిలామన్నదీ ముఖ్యమని రాబర్ట్ టిఫెనో గుర్తించాడు. బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో వచ్చే గాలిని లెక్కగట్టడం అప్పటి నుంచి వచ్చింది. గొట్టం నోట కరచుకుని "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అని ప్రక్కనున్నవారు తొందరపెడుతుంటే కళ్ళు బైర్లు కమ్మిన అనుభవం ఉన్నవారికి ఆ ఒక్క సెకను విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక గాలి సంగతి. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ మీద బొగ్గు పొగ, మంచు కలిసి కమ్ముకున్నాయి. నాలుగు వేల మంది పోయారని నాటి అంచనా, పన్నెండు వేలని తరువాతి పరిశోధకుల లెక్క. 1956లో బ్రిటన్ స్వచ్ఛమైన గాలి చట్టం చేసింది. శవాలను లెక్కపెట్టడానికి స్పైరోమీటరు అక్కరలేదు. కాని పొగ కంటికి కనబడనంత పలచగా ఉండి, ఏళ్ళ తరబడి పీల్చినప్పుడు ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఒక శీతకాలంలో దొరికేది కాదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ ఫెరిస్, ఫ్రాంక్ స్పైజర్ ఆ ప్రశ్నను చేపట్టారు. 1973 చమురు సంక్షోభంతో అమెరికా మళ్ళీ బొగ్గు వైపు మళ్ళుతుందన్న భయం అప్పట్లో ఉండేది. 1974లో పని మొదలైంది. ఎంచుకున్నవి ఆరు చోట్లు: ఉక్కు కర్మాగారాల స్టూబెన్‌విల్, పొలాల నడుమ చిన్న ఊరు పోర్టేజ్, సెయింట్ లూయిస్, టొపీకా, వాటర్‌టౌన్, కింగ్‌స్టన్-హారిమన్. పెద్దలనూ పిల్లలనూ కూర్చోబెట్టి ఊదించారు, పొగ అలవాట్లు అడిగారు, ఊరి గాలిని జల్లెడ పట్టారు. 8,111 మంది పెద్దలను పద్నాలుగు నుంచి పదహారేళ్ళు వెంబడించారు. ఇందులో వేగం లేదు, మెరుపు లేదు. ఇంటింటికీ తిరిగే జనాభా లెక్కల గుమాస్తా ఓపిక ఉంది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చినది అదే.

1993 డిసెంబరులో డగ్లస్ డాకరీ తదితరులు ఫలితం ప్రకటించారు. పొగత్రాగడం మొదలైనవాటిని లెక్కలో సరిదిద్దిన తరువాత కూడా, అతి మలినమైన ఊళ్ళో మరణాల రేటు అతి శుభ్రమైన ఊరి కంటే 26 శాతం ఎక్కువ. దోషి సూక్ష్మధూళి అని తేలింది. అంటే తలవెంట్రుక మందంలో ముప్పయ్యోవంతు కూడా లేని 2.5 మైక్రాన్ల రేణువులు. పెద్ద ధూళిని ముక్కూ శ్లేష్మమూ అడ్డుకుంటాయి. ఇవి తిత్తి అడుగు దాకా వెళతాయి.

దీని ఆధారంగా 1997లో అమెరికా పర్యావరణ సంస్థ సూక్ష్మధూళికి తొలిసారి హద్దు విధించింది: ఘనపు మీటరుకు ఏడాది సగటున 15 మైక్రోగ్రాములు. పరిశ్రమలు ఊరుకుంటాయా? ముడి వివరాలు బయట పెట్టమన్నాయి. ఊదినవారికి గోప్యత మాట ఇచ్చామని హార్వర్డ్ వారు కాదన్నారు. మాట తప్పితే రేపు ఎవరు వచ్చి గొట్టంలో ఊదుతారు? తప్పకపోతే, దాచుకున్నదేదో ఉందన్న నింద. చివరకు, ఖర్చులో సగం ప్రభుత్వం, సగం మోటారు పరిశ్రమ భరించే ఒక సంస్థకు వివరాలను అప్పగించారు. డేనియల్ క్రూస్కీ బృందం మొదటి నుంచి మళ్ళీ లెక్కగట్టి, 2000లో అదే ఫలితమని చెప్పింది. ఖర్చు చూసి ఆరోగ్య ప్రమాణాన్ని సడలించడానికి చట్టం ఒప్పుకోదని 2001లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. ఆ హద్దు 2012లో 12కు, 2024లో 9కి దిగింది.

పిల్లల కథ కాలిఫోర్నియాది. 1993లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు పన్నెండు ఊళ్ళలో నాలుగో తరగతి పిల్లలను చేర్చుకున్నారు. ఏటేటా బడికి వెళ్ళి ఊదించారు. 2004లో జేమ్స్ గాడర్‌మన్ ప్రకటించిన ఫలితం ప్రకారం, పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఊపిరి ఉండవలసిన దానిలో 80 శాతానికి తగ్గినవారు శుభ్రమైన ఊళ్ళో 1.6 శాతం, మలినమైన ఊళ్ళో 7.9 శాతం. ఊపిరితిత్తులు ఎదిగేది దాదాపు ఆ వయసు వరకే. ఆ పైన తగ్గుదలే. పెద్దరహదారికి 500 అడుగుల లోపు కొత్త బడి కట్టడాన్ని నిరోధిస్తూ (కొన్ని మినహాయింపులతో) ఆ రాష్ట్రం 2003లోనే శాసనం చేసింది.

వాహనాల పొగ, డీజిలు, ఓడరేవుల మీద ఆంక్షలు బిగిసిన కొద్దీ గాలి తేటపడింది. తరువాతి జట్ల పిల్లల చేత కూడా అదే తీరున ఊదించి 2015లో పోల్చి చూశారు. పదిహేనేళ్ళ వయసులో ఊపిరి తక్కువైనవారు మొదటి జట్టులో 7.9 శాతం, రెండవ జట్టులో 6.3, మూడవ జట్టులో 3.6. గాలి బాగుపడితే తిత్తి కూడా బాగా ఎదుగుతుందని కొలిచి చూపిన అధ్యయనం ఇది.

ఆ మొదటి జట్టు పిల్లలకు ఇప్పుడు నలభయ్యేళ్ళు దాటి ఉంటాయి. వారిది ఎదిగే వయసు కాదు.