ఫ్యాను ఆపి కూర్చున్న ఎండకాలాలు

ఎండకాలం జ్ఞాపకాలంటే అందరూ మామిడిపండ్లు, ఆవకాయ, అమ్మమ్మ ఊరు, వాకిట్లో మంచాలు రాస్తారు. మా ఇందల్వాయి దిక్కు కూడా అవన్నీ ఉన్నాయి. కానీ వాటన్నిటి నడుమ ఒక చాట ఉండేది. చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, దారపు ఉండ. దాని ముందు కూర్చున్నంతసేపు ఫ్యాను తిప్పొద్దు. గాలికి తంబాకు లేచిపోతుంది, తడి ఆరిన ఆకు చుట్టేటప్పుడు పగులుతుంది. ఇంట్లో కరెంటు ఉండి కూడా మే నెల మిట్టమధ్యాహ్నం ఫ్యాను ఆపి కూర్చున్న ఆడవాళ్లు మా ఇండ్లల్లో రెండు మూడు తరాలు ఉన్నారు. నిజాంసాగర్ గురించీ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గురించీ రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను చాట గురించే రాస్తా.

బీడీ మన దగ్గర పుట్టింది కాదు. 1899-1900 కరువు తర్వాత గుజరాత్ నుంచి వలస పోయినవాళ్లు జబల్‌పూర్ దిక్కు దాన్ని పెద్ద వ్యాపారం చేశారు. తునికి చెట్లున్న అడవి, సరుకు మోసే రైలు, ఇంట్లో కూర్చుని తక్కువ కూలికి చుట్టే చేతులు, ఈ మూడూ ఉన్నచోటికల్లా అది పాకింది. మాకు మూడూ ఉన్నాయి. హైదరాబాద్ నుంచి మన్మాడ్ పోయే మీటర్ గేజ్ లైను 1900 ప్రాంతంలో మా ఇందల్వాయి మీదుగానే పడింది. సిర్నాపల్లి అంటే చాలామందికి రాణి జానకీబాయి, గడి, జలపాతం గుర్తొస్తాయి. మా ఇండ్లల్లో ఆ అడవి పేరెత్తితే తునికాకే. తంబాకు మాత్రం మనది కాదు, అది నిప్పాణి నుంచి, గుజరాత్ నుంచి వస్తుంది.

ఆకు పని ఎండకాలం పనే. చలి పోతుండగా కొమ్మలు కొడితే ఏప్రిల్ కల్లా కొత్త చిగురు వస్తుంది. తెల్లారకముందే అడవికి పోయి, ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లంలో లెక్క చెప్పాలి. ఇంటిల్లిపాదీ కూర్చుంటే గానీ కట్టలు తెమలవు. మే దాటి వాన పడిందా, ఆకు పాడైనట్టే. 1971లో వచ్చిన చట్టంతో ఈ వ్యాపారం ప్రభుత్వం చేతిలోకి పోయింది. సర్కారు కాగితాల్లో దీని పేరు అబ్నూస్ ఆకు. మా ఊర్లో ఆ పేరు చెబితే ఒక్కరికీ అర్థం కాదు. 1980లలో నక్సలైట్లు ఊర్లల్లోకి వచ్చినప్పుడు ముందు పట్టుకున్న పనుల్లో కట్ట రేటు పెంచమనడం ఒకటి. పైసల్లో ఉన్న కూలి అట్లా కదిలింది.

ఆకు ఏరేది ఒకరు, బీడీ చుట్టేది ఇంకొకరు. కార్ఖానా వాళ్లు ఆకు, తంబాకు, దారం తూకం వేసి ఇస్తారు, బీడీలు లెక్కపెట్టి తీసుకుంటారు. కూలి వెయ్యికి ఇంత అని. రాత్రి ఆకు తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టాలి, పొద్దున రేకు పెట్టి కత్తెరతో కత్తిరించాలి, చుట్టాలి, దారం కట్టాలి, కొస మడవాలి, ఇరవై ఐదింటికి ఒక కట్ట చేయాలి. ఇచ్చిన ఆకులో సగం చిల్లులుంటే తక్కువపడ్డ ఆకు మన పైసలతోనే కొనుక్కోవాలి. బాగాలేవని పక్కకు తీసేసిన బీడీలకు కూలి రాదు, అవి వాపసు కూడా ఇవ్వరు. మా చిన్నమ్మ దీని మీద రోజూ కొట్లాడేది. "నువ్వు కాల్చనియి, నాకు ఇచ్చెయ్" అంటే కమీషన్ దారు నవ్వేవాడట.

ఇది ఇంటి పనా, ఫ్యాక్టరీ పనా అన్న ప్రశ్న మామూలుది కాదు. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులే అంది. 1977లో ప్రావిడెంట్ ఫండ్ బీడీ పరిశ్రమకూ వర్తించింది. యజమానులు ఊరుకోలేదు. ఇంట్లో కూర్చున్నవాళ్లు మా ఉద్యోగులెట్లా అవుతారని సుప్రీంకోర్టు దాకా పోయారు. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో కోర్టు వాళ్లూ ఉద్యోగులేనని తేల్చింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, ఒళ్లో పిల్లను పడుకోబెట్టుకుని చేసిన పనిని దేశంలో పెద్ద కోర్టు పని అని ఒప్పుకుంది. మన తీరు ఇంటి ఆడవాళ్లకు ఇంతకంటే పెద్ద తీర్పు ఏదుందో నాకు తెలియదు. మా పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఇది లేదు.

ఆ నంబరు విలువ అందరికంటే ముందు పెండ్లిండ్ల పేరయ్యలకు తెలిసింది. ఎండకాలం పెండ్లిండ్ల కాలం కదా, పిల్లను చూడవచ్చినవాళ్లు చదువు కంటే ముందు "బీడీలు చేస్తదా? పీఎఫ్ ఉన్నదా?" అని అడిగేవారు. దానికి కారణం కూడా ఉంది. బొంబాయి, ఆ తర్వాత దుబాయి, మస్కట్ పోయిన మగవాళ్ల డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియదు. వీసా కోసం చేసిన అప్పుకు మిత్తి నెలనెలా కట్టాలి. బియ్యం, చిట్టీ, బడి ఫీజు అన్నీ చాట మీదనే నడిచాయి. గల్ఫ్ డబ్బుతో ఇండ్లు లేచాయంటారు. ఇంటిని నిలబెట్టింది మాత్రం బీడీ డబ్బే.

పిల్లల సెలవుల సంగతి వేరే. ఏప్రిల్ చివర బడి మూయగానే అమ్మాయిల చేతికి దారం వచ్చేది. ముందు కొస మడవడం, తర్వాత దారం, ఆఖరుకు చుట్టడం. తమ్ముళ్లు చెరువుకాడ, అక్కలు చాటకాడ. జూన్‌లో బడి తెరిచేసరికి చేయి ఆరితేరిన పిల్ల మళ్లీ బడికి పోకపోవడం మా కళ్లముందే ఎన్నిసార్లో జరిగింది. ఎవరూ బలవంతం చేసినట్టు కనిపించదు. "ఈ ఒక్క ఏడు చెయ్యి బిడ్డా" అంటారు, అంతే.

ఆవకాయ రోజు మాత్రం చాట మూలకు పోయేది. తంబాకు చేయి ఎంత కడిగినా చేదు పోదు. చింతపండుతో రుద్ది, నిమ్మచెక్కతో రుద్ది, అయినా కారం కలిపే పని బీడీలు చేయని మేనత్తదే. ముక్కలు కోయడం, తుడవడం మా అమ్మ చేసేది, జాడీలో చేయి మాత్రం పెట్టేది కాదు. అన్నం కలుపుకుంటే చేదు తగులుతుందని ఆమె చెంచాతో తినడం చూసి చుట్టాలు "పట్నం షోకులు" అని నవ్వేవాళ్లు.

ఇప్పుడు కార్ఖానాలు నెలలో కొన్ని రోజులే పని ఇస్తున్నాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి ఇవ్వడం మొదలుపెట్టింది, 2019లో అది 2,016 అయింది. అయితే 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉండాలన్న షరతు పెట్టారు. ఒకే వాకిట్లో కూర్చుని, ఒకే చాటలో చుట్టిన అత్తాకోడళ్లలో అత్తకు భృతి వచ్చి కోడలికి రాని ఇండ్లు ఉన్నాయి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీ కార్మికుల సంక్షేమ సెస్సు రద్దయింది. పిల్లల స్కాలర్‌షిప్పులకు, దవాఖానాలకు ఇన్నేండ్లు ఆధారం ఆ సెస్సే.

మా అమ్మాయికి బీడీ చుట్టడం రాదు, నేనే నేర్పించలేదు. చుట్టిన బీడీ ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోకే పోతుందని తెలిసి కూడా, ఆ డబ్బుతోనే చదువుకున్న నేను దాన్ని చెడ్డపని అనలేను.

మీ ఇంట్లో పెద్దవాళ్ల పాత లెక్కల పుస్తకాలు, పీఎఫ్ చీటీలు ట్రంకుపెట్టెల్లో ఉంటే ఎండకాలం ఇల్లు దులిపేటప్పుడు పారేయకండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని పైసలు ఆగిపోయినవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. ఇద్దరివి ఆ పాత చీటీలు చూపిస్తేనే కదిలాయి.