వానలో వినపడని బండి

రాత్రి పదిన్నర. రేకుల మీద వాన దంచికొడుతోంది. కరెంటు పోయి గంటయింది. నాపరాళ్ళ గచ్చు చల్లగా జిల్లుమంటోంది. ఆమెకు మాత్రం ఒళ్ళంతా చెమట.

ఆమె వింటోంది. రోజూ వింటుంది. ఊరి మొదట్లో కల్వర్టు దగ్గర బండి గేరు మారే చప్పుడు చెవిన పడితే చాలు, అతను ఎంత తాగాడో చెప్పగలదు. కల్వర్టు నుంచి ఇంటికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనే పొయ్యి మీద కూర దించుతుంది, పెద్దపిల్లను వెనకింటి పిన్నమ్మ దగ్గరికి తోలుతుంది, చిన్నదాన్ని గోడవైపు జరిపి దుప్పటి కప్పుతుంది, కత్తిపీటను బియ్యం డబ్బా వెనక్కి నెడుతుంది, రోకలిని మంచం కిందికి తోస్తుంది, జడను గట్టిగా ముడేసుకుంటుంది. జడ వేలాడుతుంటే పట్టి లాగడం తేలిక.

ఇవాళ కల్వర్టు వినపడలేదు. వాన మింగేసింది.

తలుపు గడియ ఊగింది.

గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో ఒక ఊరు. పేరు అక్కర్లేదు. ఆమె పేరూ అక్కర్లేదు. ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఎన్నో గడపల్లో జరిగేదాన్ని ఒక్క గడపలోకి చేర్చిన కథ. చట్టాలు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

"డబ్బులేయే?"

"ఏం డబ్బులు?"

"పత్తి తీసిన కూలి. మేస్త్రి ఇచ్చాడంట గదా."

ఆమె మాట్లాడలేదు. మొదటి దెబ్బకు చెవి గుయ్యిమంది. రెండో దెబ్బకు గోడ తగిలింది. "కన్నది ఇద్దరూ ఆడపిల్లల్నే. పైగా డబ్బులు దాస్తావా?" దుప్పటి కింద చిన్నది ఊపిరి బిగబట్టింది. ఎదురింటి అరుగు మీద బీడీ నిప్పు ఎర్రగా వెలిగింది. అక్కడ ఓ మనిషి కూర్చుని ఉన్నాడు. అంతా వింటున్నాడు. లేవలేదు.

ఆ ఎదురింటి మనిషి సంగతి కొంత చెప్పాలి. 2024 మే 13, పోలింగు రోజు. మాచర్ల, గురజాల, నరసరావుపేట అట్టుడికాయి. వీధిలో కర్ర ఎత్తినవాళ్ళలో అతనూ ఒకడు. అప్పటినుంచి స్టేషన్లో అతని పేరు మీద రౌడీషీటు ఉంది, షీటు మీద ఫోటో ఉంది. జాతరొచ్చినా, ఎన్నికలొచ్చినా ముందు కబురు అతనికే. ఆదివారం పూట వెళ్ళి ఎస్సై ముందు నిలబడి మొహం చూపించి రావాలి. తహసీల్దారు దగ్గర బాండు రాసిచ్చాడు, గొడవల జోలికి పోనని. పల్నాడులో బైండోవర్ అంటే ఏంటో బడిపిల్లల్ని అడిగినా చెబుతారు.

ఈ ఇంటి మనిషి చెయ్యెత్తింది గడప లోపల. అతనికి షీటు లేదు. అతను ఎప్పుడొస్తాడో, ఎలా వస్తాడో, చేతిలో ఏముందో కనిపెట్టుకుని కూర్చునే మనిషి లోకం మొత్తం మీద ఒక్కతే. ఆ మనిషి ఇప్పుడు గచ్చు మీద పడి ఉంది.

పొద్దున్నే ఆరుగంటల పల్లెవెలుగు. వాన వెలిసింది. బియ్యం డబ్బా అడుగు నుంచి తీసిన ఆధార్ కార్డు ఆమె గుప్పిట్లో ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు టికెట్టు ఖర్చు లేదు. కూలి డబ్బులు రాత్రే పోయాయి కాబట్టి, ఆ కార్డే లేకపోతే ఈ ప్రయాణమే లేదు.

"ఎక్కడికమ్మా?"

"నరసరావుపేటకి."

అక్కడికి పొమ్మని చెప్పింది సచివాలయంలో ఉండే మహిళా పోలీసు. "అక్కా, 181కి నేను ఫోన్ చేస్తా. నువ్వు మాత్రం పేట పో. ఇవాళే పో." పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల తెల్లదుమ్ము వానకు తడిసి రోడ్డు మీద మెత్తగా పేరుకుంది. ఫోను మోగింది. అమ్మ.

"సర్దుకో తల్లీ. ఏ ఇంట్లో లేదు చెప్పు. మగాడన్నాక..."

అమ్మ ఒక్కతే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి మొగుడు పెళ్ళాన్ని కొట్టడం సబబే అన్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఎనభై మందికి పైనే. ఆ అమ్మలంతా ఒకప్పుడు ఇలాంటి రాత్రులు దాటి వచ్చినవాళ్ళే అయ్యుంటారు. ఆమె ఫోను కట్ చేసింది. బస్సు పేటలో ఆగింది. దిగాలా, ఇదే బస్సులో వెనక్కి పోవాలా?

దిగింది.

ఆఫీసులో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. బల్ల వెనక ప్రొటెక్షన్ ఆఫీసరు, బల్ల మీద ఒక ఫారం. గృహహింస సంఘటన నివేదిక. ఆఫీసు మాటలో డీఐఆర్. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. మేడం ఒక్కో గడీ చదువుతోంది, పెన్నుతో టిక్కు పెడుతోంది.

"కొట్టడం. చెంపదెబ్బ. తన్నడం. గుద్దడం. నెట్టడం."

ఆమె తలూపుతోంది. నేల చూపులు.

"కూలి డబ్బులు, జీతం లాగేసుకోవడం."

తలూపింది.

"మగపిల్లాడు పుట్టలేదని అవమానించడం."

ఆమె తల పైకెత్తింది. "అది కూడా రాసుందా మేడం?"

"అచ్చేసి ఉందమ్మా."

ఆమె ఫారం వైపు వంగింది. తన ఇంట్లో తన చెవిలో మాత్రమే పడిన మాట ప్రభుత్వం కాగితం మీదికి ఎలా వచ్చింది?

ఊరికే రాలేదు. 2002లో పార్లమెంటు ముందుకు వచ్చిన మొదటి గృహహింస బిల్లు చదివితే ఒళ్ళు మండుతుంది. 'అలవాటుగా' కొడితేనే అది హింసట. తనను తాను కాపాడుకోడానికో, ఆస్తిని కాపాడుకోడానికో చేస్తే అది హింసే కాదట. అప్పుడో ఇప్పుడో కొట్టేవాడికీ, పొలం కోసం కొట్టానని చెప్పేవాడికీ తలుపు బార్లా తెరిచిన బిల్లు అది. మహిళా సంఘాలు తిరగబడ్డాయి. లోక్‌సభ రద్దవడంతో బిల్లూ పోయింది. ఇందిరా జైసింగ్ నడిపించిన లాయర్స్ కలెక్టివ్ లాంటి బృందాలు పట్టు వదల్లేదు. 2005లో కొత్త చట్టం వచ్చింది. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. అప్పుడు మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి మన ఖమ్మం రాజకీయాల నుంచి వెళ్ళిన రేణుకా చౌదరి. దెబ్బ ఒక్కటే కాదు, తిట్టూ హింసే, ఆకలితో మాడ్చడమూ హింసే, పడకగదిలో బలవంతమూ హింసే అని ఆ చట్టం రాసింది.

మేడం ఫారం చివరికి వచ్చింది. "ఇప్పుడు నీకేం కావాలమ్మా? పోషణ ఖర్చులా? వేరే ఉంటావా? కేసు పెట్టి లోపలేయించాలా?"

"అవేం వద్దు మేడం. మా ఎదురింటాయనకి చేసినట్టు చెయ్యండి."

"ఎదురింటాయనకి ఏం చేశారు?"

"బైండోవర్."

మేడం పెన్ను కింద పెట్టింది.

నేరస్తుడి మీద కన్నేసి ఉంచే చట్టం. ఇదే మాట 2019 డిసెంబరు 13న వెలగపూడి అసెంబ్లీలో గట్టిగా వినిపించింది. హైదరాబాద్ శివార్లలో, దిశ అని అందరూ పిలుచుకున్న యువతి మీద జరిగిన ఘోరానికి రాష్ట్రం ఇంకా కుతకుతలాడుతోంది. అప్పటి హోంమంత్రి మేకతోటి సుచరిత సభలో దిశ బిల్లు పెట్టారు. 7 పని దినాల్లో దర్యాప్తు, 14 పని దినాల్లో విచారణ, మొత్తం 21 పని దినాల్లో తీర్పు. దాంతోపాటు ఒక రిజిస్టర్: ఆడవాళ్ళ మీద, పిల్లల మీద నేరాలు చేసినవాళ్ళ పేర్లు కంప్యూటర్లో పెట్టి జనానికి చూపించే రిజిస్టర్. సభ బిల్లును ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం మాత్రం రాలేదు. అంతకుముందే, 2018 సెప్టెంబరులో, కేంద్రం లైంగిక నేరస్తుల జాబితా ఒకటి తెరిచింది. 4.4 లక్షల పేర్లతో మొదలైన ఆ జాబితాను చూడగలిగేది పోలీసులే. అందులోనూ పెళ్ళాన్ని కొట్టేవాడి పేరు ఉండదు. దిశ బిల్లు చూపు కూడా అత్యాచారాలు, లైంగిక వేధింపుల మీదే. స్పెయిన్‌లో కోర్టు వద్దన్న మొగుడి కాలికో చేతికో పట్టీ కట్టి, ఆమె దగ్గరికి వస్తున్నాడంటే కంట్రోల్ రూమ్‌లో గంట మోగేలా చేశారు. ఇంగ్లండ్‌లో 2014 నుంచి, తనతో ఉంటున్నవాడికి పాత హింస చరిత్ర ఉందా అని ఆడమనిషి పోలీసుల్ని అడగొచ్చు. క్లేర్ వుడ్ అనే అమ్మాయి ప్రాణం పోయాక వచ్చిన ఏర్పాటది.

మనకు అంతదూరం పోకుండానే చేతిలో ఒకటుంది. మేడం గృహహింస చట్టం పుస్తకం తెరిచింది. సెక్షన్ 19, మూడో ఉపసెక్షన్. హింసకు దిగకుండా మేజిస్ట్రేటు అతనితో బాండు రాయించుకోవచ్చు, షూరిటీలు కూడా అడగొచ్చు. వీధి రౌడీకి రాయించే బైండోవర్ ఏ అధ్యాయం కిందికి వస్తుందో ఈ బాండూ ఆ అధ్యాయం కిందికే వస్తుందని పక్క ఉపసెక్షన్ చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా పుస్తకంలో ఉన్న వాక్యం. పోషణ ఖర్చు, ఇల్లు, పిల్లలు అంటూ సాగే పిటిషన్లో దీని దగ్గర ఆగే కలం అరుదు. ఆగాలి. పల్నాడులో మరీ ఆగాలి.

"అడుగుదాం," అంది మేడం. "గురజాల కోర్టులో వేద్దాం. కానీ షూరిటీకి ఎవరొస్తారో."

వేపచెట్టు కింద నల్లకోట్లు. టైపు మిషన్ల చప్పుడు. ఈ చట్టం కింద మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా పడాలి, 60 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. ప్రొటెక్షన్ ఆఫీసర్లను తాలూకా స్థాయిలో కూడా పెట్టమని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. అది నిజంగా జరిగితే రేపు ఇంకొకామె దెబ్బలు తిన్న ఒంటితో పేట దాకా పోనక్కర్లేదు. అతను ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. పక్కన అన్న. ఊళ్ళో ఎన్ని పంచాయతీలు జరిగినా, మొగుడూ పెళ్ళాల గొడవలో మనమెందుకంటూ తువ్వాలు దులుపుకుని లేచిపోయిన అన్న.

పేరు పిలిచారు.

మేజిస్ట్రేటు చదివి వినిపించారు. చెయ్యెత్తకూడదు. ఇంట్లోంచి గెంటకూడదు. బాండు రాయాలి, ఇద్దరు షూరిటీలు కావాలి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, బెయిలు హక్కుగా దొరకదు. ఆమె ఒక్కతే సాక్ష్యం చెప్పినా కోర్టు నమ్మవచ్చు.

"మా ఇంట్లో విషయం సార్..." అన్నాడు అతను. అతని లాయరే మోచేత్తో పొడిచాడు.

గుమాస్తా కాగితం అన్న ముందుకు జరిపాడు. అన్న పెన్ను పట్టుకున్నాడు. ఆపాడు.

"వీడు మళ్ళీ చెయ్యెత్తితే నాకేంటి?"

"నువ్వు పూచీ పడ్డ డబ్బు కట్టాలి."

"నేనా?"

"సంతకం నీదే గదా."

గదిలో ఎవరో దగ్గారు. అన్న తమ్ముడి వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడనంతసేపు చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక వరండాలోనే తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు. "ఒరేయ్. వచ్చే ఆదివారం మా ఇంటికొచ్చి కనపడు. ప్రతి ఆదివారం కనపడాల."

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె బావగారి ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. ఇప్పుడు రెండడుగులు ముందుకేసింది.

"ఆదివారం చాలదు బావగారూ," అంది. "మీరు రోజూ రాత్రి పదింటికి మా ఇంటికి రావాలి."