ఎర్ర ఈస్ట్ బియ్యం (హోంగ్‌చూ)

ఉడికించిన బియ్యంపై మొనాస్కస్ అనే బూజును పెంచి పులియబెట్టగా గింజ లోపలి దాకా ముదురు ఎరుపెక్కే ఈ పదార్థాన్ని చైనీయులు వంటల్లో రంగు కోసం, అరుగుదలనూ రక్తప్రసరణనూ చక్కబరిచే మందుగానూ శతాబ్దాలుగా వాడుతున్నారు. 16వ శతాబ్దపు వైద్యుడు లీ షిజెన్ ఔషధ గ్రంథం ‘బెన్‌చావ్ గాంగ్‌మూ’లో దీని ప్రస్తావన ఉంది. నేడు దీన్ని కొలెస్టరాల్ తగ్గించడానికి వాడుతున్నా, అధిక కొలెస్టరాల్ అనే రోగం పాత గ్రంథాల్లో లేదు. నేటి చైనా సంప్రదాయ వైద్యులు దాన్ని ఒంట్లో పేరుకున్న కఫంగా, రక్తం స్తంభించడంగా వివరిస్తారు.

1979లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఈ జాతి బూజు నుంచి వేరుచేసిన మొనాకొలిన్-కె, కాలేయంలో కొలెస్టరాల్ తయారీకి కీలకమైన ఎంజైమును అడ్డుకుంటుంది; కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన లోవాస్టాటిన్ మాత్రలో ఉన్నదీ ఇదే అణువు. కనుక ఎర్ర ఈస్ట్ బియ్యాన్ని నిరపాయమైన ఆహారంగా ఎంచడం పొరపాటు: స్టాటిన్లకు మల్లే కండరాల నొప్పి, కాలేయ సమస్యలు రావచ్చు, గర్భిణులు వాడరాదు, పైగా పులియబెట్టడంలో శ్రద్ధ లోపిస్తే మూత్రపిండాలను దెబ్బతీసే సిట్రినిన్ అనే విషం అందులో చేరవచ్చు.