పట్టా చివరి పిన్ను

పాత లయనెల్ బొమ్మ రైలు పట్టాలను గేజ్ కొలిచి గుర్తుపట్టబోతే పప్పులో కాలేసినట్టే. 1900లో న్యూయార్క్‌లో జాషువా లయనెల్ కోవెన్ మొదలుపెట్టిన ఈ కంపెనీ 1906లో మూడు పట్టాల పద్ధతి పట్టుకుంది, 1915లో ‘ఓ’ (O) అనే గేజ్ తెచ్చింది. చవక సెట్ల కోసం ఓ27 అనే తేలిక రకం ఆ తర్వాత వచ్చింది. రెండింట్లోనూ గేజ్, అంటే బయటి పట్టాల మధ్య దూరం, ఒక్కటే: అంగుళంపావు. చిన్న ఇంజన్ దేని మీదైనా పరుగెడుతుంది. తేడా పట్టా చివరి పిన్నులో ఉంది. రేకును మడిచి చేసిన బోలు పట్టా ఇది; ఒక చివర దూర్చిన పిన్ను పక్క ముక్కలోకి దిగి రెండింటినీ కలుపుతుంది, కరెంటునూ దాటిస్తుంది. ఓ గేజ్ పిన్ను లావు. ఓ27 పట్టాలో బలవంతంగా దూరిస్తే రేకు విచ్చుకుంటుంది. సన్న పిన్ను ఓ గేజ్‌లో వదులై కరెంటు తెగుతుంది.

ఎత్తు కొలిస్తే చాలదా అనవచ్చు. రకం తేల్చడానికైతే చాలు: ఓ గేజ్ సుమారు 17 మిల్లీమీటర్లు, ఓ27 సుమారు 11. కానీ ఆ పట్టాలతో ఏం ఆడారో ఎత్తు చెప్పదు, పిన్ను చెబుతుంది. ఇనుప పిన్నుల మధ్య ఒక ఫైబర్ పిన్ను కనిపించిందంటే అక్కడ కరెంటును కావాలనే ఆపారు. అది నడి పట్టాలో ఉంటే లైనును విడి భాగాలుగా చేసి నడిపారన్నమాట. బయటి పట్టాలో ఉండి, దాని కింద స్లీపర్ దగ్గర కూడా ఫైబర్ ముక్క కనిపిస్తే, బండి చక్రాలే స్విచ్చుగా మారి గేటునో సిగ్నల్‌నో కదిలించే ఏర్పాటు అది. పిల్లల ఆటవస్తువులో ఇంత విద్యుత్ తెలివి!

పిన్నులు మార్చేస్తారు కదా అన్న అభ్యంతరం బలమైనదే. విడిగా డబ్బాలో దొరికిన పిన్నును నేనూ సాక్ష్యం కింద తీసుకోను. పట్టాలో ఉన్నదాన్ని నమ్మే ముందు రేకును చూడాలి. పిన్ను జారకుండా వేసిన నొక్కు శుభ్రంగా ఉందా, పటకారుతో మళ్లీ నలిపిన గీతలున్నాయా? అంత చూసినా తయారైన ఏడాది తేలదు, ఈ రకాలు దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. దానికి ఇంజన్ నంబరే వెతకాలి.