ఉచితము - వెల

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ఆరంభమైనది. అప్పుడది గంటల లెక్కన కొనుక్కొనే ఖరీదైన వస్తువు. టెలిఫోను ఖర్చు దానికి అదనం.

ఈ చరిత్రలో మేము ముఖ్యంగా ఎంచేది 2016వ సంవత్సరం. ఆ యేడు రెండు ఉచితాలు మన దేశంలో చర్చకు వచ్చినవి. మొదటిది ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్. అందులో చేరిన కొన్ని సేవలను మాత్రమే డేటా ఖర్చు లేకుండా చూడవచ్చును. చూచే విషయాన్ని బట్టి ధర మార్చరాదని ఫిబ్రవరి 8న ట్రాయ్ శాసించినది. ఫ్రీ బేసిక్స్ మన దేశంలో నిలిచిపోయినది. పేదవానికి దొరికే కాసింత కూడా పోయినదని కొందరు నొచ్చుకొన్నారు. ఆ మాట కొట్టివేయదగినది కాదు.

రెండవది సెప్టెంబరు 5న వచ్చిన జియో. ఏది చూడవలెనో అది నిర్ణయించలేదు, సమస్తమూ ఉచితమన్నది. గడువు మొదట డిసెంబరు 31. పిదప, రోజుకొక జీబీ పరిమితితో, 2017 మార్చి 31. తక్కిన సంస్థలు ధరలు దించక తప్పలేదు. కొన్ని వ్యాపారమే విరమించినవి. వొడాఫోన్, ఐడియా 2018లో ఏకమైనవి. పోటీదారులు తగ్గిన తరువాత 2019 డిసెంబరులోను, 2021 చివరలోను, 2024 జూలైలోను రీఛార్జి ధరలు పెరిగినవి. ఇప్పుడు రీఛార్జి వేళ కూపను వెదకి మనం మిగుల్చుకొనేది ఆ పెరుగుదలలో కొంత భాగమే.