ఫిల్లెట్ (ఘనరూప మోడలింగ్)

కంప్యూటర్‌లో గీసిన ఘనరూపంలో రెండు ముఖాలు కలిసే చోట ఉండే పదునైన అంచును వంపు తలంగా మార్చడమే ఫిల్లెట్. లోపలి మూలను నింపితే ఫిల్లెట్, బయటి అంచును కోసి గుండ్రం చేస్తే రౌండ్ అని కొందరు వేరు చేస్తారు. చాలా సాఫ్ట్‌వేర్లలో రెండింటికీ ఒకటే కమాండ్.

తిరుపతి ప్రాంతంలో దీని అవసరం తేటగా కనిపించే వస్తువు బ్యాటరీ డబ్బా. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన బ్యాటరీల కంపెనీ అమరరాజా ఇక్కడి కరకంబాడిలోనే ఉంది. కారులో వాడే మామూలు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 6 సెల్‌లు, వాటి మధ్య 5 అడ్డుగోడలు ఉంటాయి. సెల్‌లు ఒకే వరుసలో ఉంటే ఒక్కో అడ్డుగోడ అడుగునూ, రెండు పక్కగోడలనూ కలుస్తుంది. అటూ ఇటూ లెక్కేస్తే 6 లోపలి అంచులు, అయిదు అడ్డుగోడలకూ కలిపి 30. వీటిని పదునుగా వదిలేస్తే కుదుపుల ఒత్తిడంతా మూలలో పోగుపడి పగులు అక్కడే మొదలవుతుంది. రంధ్రం కొసన వంపు ఎంత బిగుతైతే ఒత్తిడి అంత పెరుగుతుందని ఇంజినీరు ఇంగ్లిస్ 1913లోనే లెక్కకట్టి చూపాడు. అచ్చులో కరిగిన ప్లాస్టిక్ కూడా గుండ్రని మూలలో సాఫీగా పారుతుంది. అలాగని వ్యాసార్థం మరీ పెంచకూడదు: అక్కడ మందం పెరిగి, ఆలస్యంగా చల్లారి, బయటి ముఖం గుంట పడుతుంది. డబ్బా బయటి మూలల్లో వ్యాసార్థాన్ని లోపలి వ్యాసార్థానికి గోడ మందం కలిపినంత పెట్టేది మందం అంతటా ఒకేలా ఉండాలనే.

సాఫ్ట్‌వేర్ ఈ తలాన్ని కట్టడానికి, రెండు ముఖాలనూ తాకుతూ అంచు వెంట దొర్లే ఒక బంతిని ఊహిస్తుంది. రెండు ముఖాలనూ వ్యాసార్థమంత దూరం జరిపితే అవి ఖండించుకునే గీతే బంతి కేంద్రం నడిచే దారి. బంతి తాకిన గీతల దగ్గర పాత ముఖాలను కత్తిరించి, మధ్యలో కొత్త తలాన్ని కుడుతుంది.

బంతికి చోటు చాలకపోతే కమాండ్ విఫలమవుతుంది. అడ్డుగోడల మధ్య ఎడం 30 మి.మీ. అనుకుంటే, వ్యాసార్థం 15 మి.మీ. దాటగానే ఎదురెదురు ఫిల్లెట్లు అడుగున ఢీకొంటాయి. అసలు కష్టం మాత్రం అడ్డుగోడ, పక్కగోడ, అడుగు కలిసే 20 మూలల్లో ఉంది. మూడు అంచులకూ ఒకే వ్యాసార్థం ఇస్తే అక్కడ గోళంలో ముక్క చక్కగా అమరుతుంది. వేర్వేరుగా ఇస్తే సాఫ్ట్‌వేర్ ప్రత్యేకమైన అతుకు తలాన్ని కట్టాలి. చాలా మోడళ్లు తెగేది అక్కడే. అందుకే అచ్చు నుంచి డబ్బా ఊడిరావడానికి గోడలకిచ్చే వాలును ముందే పూర్తిచేసి, ఫిల్లెట్లను చివరికి ఉంచడం మేలు. వాటిలోనూ సాధారణంగా పెద్ద వ్యాసార్థాలు ముందు, చిన్నవి తర్వాత.